పేరు ఒక్కటే, వ్రాతలు మూడు

పరదేశమునకు పోవుట మన ప్రాంతమున క్రొత్త సంగతి కాదు. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశములలో పనులు విస్తరించిన నాటి నుండి రాయచోటి, రాజంపేట, కడప పరిసరముల వారు కువైట్‌కును, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతముల వారు దుబాయి, సౌదీలకును పోవుచునే యున్నారు. పోయినవారు కట్టిన ఇండ్లను గూర్చియు, తెచ్చిన సామానును గూర్చియు అందరును చెప్పుకొందురు. పోవుటకు ముందు నెలల తరబడి వారు మోసిన కాగితముల సంచిని గూర్చి చెప్పువారు మాత్రము తక్కువ. ఈ కళాశాల విద్యార్థులలో రేపు అట్టి సంచి మోయవలసినవారు చాలమంది యుందురని తలచి, మా ఇంటి సంచి సంగతి ఇచట వ్రాయుచున్నాము.

మేము ఇద్దరు అన్నదమ్ములము. ఇరువురమును ఈ కళాశాలలోనే చదివినవారము. మాకొక చెల్లెలు. బి.ఎస్సీ. నర్సింగు 2019లో ముగించి, తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని చేసినది. ఆమె చదువు నిమిత్తము మా అబ్బా ఇంటి పత్రములను తాకట్టు పెట్టియుండిరి. ఆయన కుట్టుపని చేయువారు. కంటిచూపు తగ్గిన పిదప మిషను మీద కూర్చుండుట మానినారు. మా ఇరువురి జీతములు ఇల్లు గడచుటకు సరిపోవునే గాని అప్పు తీర్చుటకు చాలవు. కావున 2023 జూలైలో రియాద్ నగరమున ఒక ఆసుపత్రి నుండి చెల్లెలికి ఉద్యోగపత్రము వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికిని ఆ కాగితము పండుగవలె కనబడినది. అందు అడుగున ఒక పంక్తి గలదు: కావలసిన పత్రములన్నియు 90 దినములలో అందవలెనని.

పాస్‌పోర్టు ముందే యున్నది. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రములో 2021లో తీసికొన్నదే. అచట ఎ, బి, సి అను మూడు కౌంటర్లు గలవు. మొదటిదానిలో ఫోటో, వ్రేలిముద్రలు తీసి పత్రములను యంత్రములోని కెక్కింతురు. రెండవదానిలో వానిని పరిశీలింతురు. మూడవదానిలో ఇచ్చుటయో ఆపుటయో తేల్చుదురు. ఆ పిదప పోలీసు విచారణ. ఇదంతయు చూచి విసుగుకొను మిత్రులకు ఒక మాట చెప్పవలెను. పాస్‌పోర్టు ఇచ్చుటయు, ఇయ్యకపోవుటయు ఒకనాడు కేవలము ప్రభుత్వము వారి ఇష్టము. 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్ని వ్యాజ్యములో సుప్రీంకోర్టు, విదేశమునకు పోవు హక్కు రాజ్యాంగము 21వ అధికరణములోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పినది. ఆ పిమ్మటనే అదే సంవత్సరము జూన్ 24న పాస్‌పోర్టుల చట్టము వచ్చినది. అనగా మనము కౌంటరు ముందు నిలుచున్నది దయకై కాదు, హక్కుకై. వరుసలో మూడు గంటలు నిలుచున్నప్పుడు ఈ సంగతి జ్ఞాపకమున్నచో కాళ్ళనొప్పి కొంత తగ్గును.

ఇక పాస్‌పోర్టులోని మొదటి పుట. ఫోటో క్రింద రెండు పంక్తులు యంత్రము చదువుటకై ముద్రింపబడి యుండును. ఒక్కొక్క పంక్తిలో 44 స్థానములు. పై పంక్తిలో దేశము గుర్తు, ఇంటిపేరు, రెండు బాణపు మొనలు, పిదప పెట్టిన పేరు. ఖాళీ మిగిలినచో మరల బాణపు మొనలే. ప్రపంచమున ఏ విమానాశ్రయములోనైనను యంత్రము ఈ రెండు పంక్తులనే చదువును. మనము ఎవరమో మన వీధికి తెలియును, మన మసీదుకు తెలియును, మన బడికి తెలియును. ఆ యంత్రమునకు మాత్రము 44 స్థానములలో ఇమిడినంతయే తెలియును.

మా చిక్కంతయు ఇచటనే పుట్టినది.

మా ఇంటిపేరు షేక్. ఉర్దూలో షీన్, యే, ఖే అను మూడక్షరములు. తెలుగులో రెండు. ఇంగ్లీషులోనికి వచ్చుసరికి దానికి ఎన్ని రూపములో లెక్కలేదు. మన జిల్లాలలో ఎక్కువమంది ఎస్, హెచ్, ఎ, ఐ, కె అని వ్రాయుదురు. కొందరు చివర మరియొక హెచ్ చేర్చుదురు. కొందరు ఎ స్థానమున ఇ వ్రాయుదురు. బడి గుమాస్తాలకు తీరిక లేనప్పుడు ఎస్.కె. అని రెండక్షరములతో ముగింతురు. అరబ్బు దేశమున షేక్ అనిన పెద్దలకును ప్రభువులకును వాడు గౌరవపదము. మా వీధిలో షేకులు బండి లాగువారును, బేల్దారు పనివారును గూడ. గుమాస్తాలు రెండక్షరములతో సరిపెట్టుటకు బహుశః అదియే కారణమేమో!

చెల్లెలి పత్రములను వరుసగా పరచి చూచినప్పుడు తేలినదేమనగా, 10వ తరగతి పత్రములో ఎస్.కె. అని యున్నది; పాస్‌పోర్టులోను, డిగ్రీలోను ఎ, ఐ లతో యున్నది; నర్సుగా నమోదైన ధ్రువపత్రములో ఇ, ఐ లతో యున్నది. పెట్టిన పేరు, పుట్టిన తేది, తండ్రి పేరు అన్నింటను ఒకటియే. మనుష్యులు చదివినచో ముగ్గురు కాదు, ఒక్కతియే యని క్షణములో తెలిసికొందురు. కాని సౌదీలో నర్సుగా పని చేయదలచిన వారి చదువు, నమోదు, అనుభవము వీని పత్రములను డేటాఫ్లో అను సంస్థ ఆయా కార్యాలయములనే సూటిగా అడిగి సరిచూచును. ఆ పరిశీలన ముగిసిన గాని అచటి ఆరోగ్య వృత్తుల కమీషను అనుమతి రాదు. పేరులో అక్షరము తేడా యున్నచో అచట ఒక ప్రశ్న పుట్టును. ప్రశ్నకు జవాబు పోవువరకు పత్రము ఆగును.

ఇట్టి చిక్కు మా ఇంటి వారికే వచ్చినదనుకొనరాదు. 2022 నవంబరులో యు.ఎ.ఇ. వారు పాస్‌పోర్టులో ఒకే మాటగా పేరున్నవారిని సందర్శన వీసాపై రానీయమని ప్రకటించినప్పుడు, ఇంటిపేరు గడి ఖాళీగా వదలిన మనవారెందరో గాబరా పడిరి. తండ్రి పేరో, ఇంటిపేరో పాస్‌పోర్టులో మరియొక పుటలో నున్న చాలునని పిదప సవరించినారు. మన తెలుగువారిలో ఇంటిపేరు ముందు వ్రాయుట, ఒక పొడి అక్షరముగా వ్రాయుట, అసలు వ్రాయకుండుట అన్నియు గలవు. మన అలవాటులో తప్పు లేదు. అయినను ఆ గడులు చేసినవారికి మన అలవాటు తెలియదు.

ఈ స్థితిలో మా పట్టణమున ఒక ఏజెంటు మా ఇంటికి వచ్చినాడు. పిలువకయే వచ్చినాడు, ఇట్టి వార్తలు వారికి ఎట్లు తెలియునో మాకు నేటికిని తెలియదు. టీ త్రాగుచు అబ్బాతో అన్నాడు: "చాచా, ఈ కాగితాలన్నీ దిద్దించుకొని కూర్చుంటే అమ్మాయి ముసలిదవుతుంది. విజిట్ వీసా మీద పంపిద్దాం. అక్కడ దిగిన తరువాత మావాళ్ళు చూసుకొంటారు. రెండున్నర లక్షలు. సగం ఇప్పుడు, సగం వీసా వచ్చాక."

అబ్బా మా ముఖముల వైపు చూచినారు. ఆ చూపులో ఇంటి పత్రములు గలవు, వడ్డీ గలదు, 90 దినములు గలవు. మేము వెంటనే కాదనలేకపోతిమి. అప్పుడు వంటగది గుమ్మమున నిలిచియున్న మా అమ్మ, "మన వెనుక వీధి ఆపాను కూడ ఇట్లే కదా తీసికొనిపోయినారు" అన్నది. ఏజెంటు టీ గ్లాసు క్రింద పెట్టినాడు.

ఆ వెనుక వీధి ఆపా సంగతి చెప్పవలెను. ఆమె 5వ తరగతి వరకే చదివినది. మన దేశపు నిబంధనల ప్రకారము 10వ తరగతి పూర్తి చేయనివారి పాస్‌పోర్టుపై వలస తనిఖీ అవసరమని ముద్ర పడును. గల్ఫ్ దేశములతో కలిపి 18 దేశములకు అట్టివారు పనికి పోవలెనన్నచో 1983 నాటి వలసల చట్టము క్రింద అనుమతి పొందవలెను. అట్టి పాస్‌పోర్టు గల స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. ఇంటిపనికై పోవు స్త్రీల రక్షణకై ఏర్పడిన నిబంధన ఇది. ఆమెకు అప్పటికి 26 ఏండ్లు. ఏజెంటు ఈ నిబంధనను దాటించుటకు ఆమెను ముందు సందర్శకురాలిగా మరియొక దేశమునకు పంపి, అచటి నుండి కువైట్ చేర్చినాడు. కువైట్‌లో ఇంటిపనివారి వీసాను 20వ నంబరు వీసా యందురు. కంపెనీ పనివారిది 18. ఆమెకు రెండును లేవు, లేక ఉన్నను ఆమెకు చూపలేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో నుండెను. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వము ఆస్తియని 1967 చట్టము 17వ విభాగమే చెప్పుచున్నది. ఒక ఇంటి యజమాని దానిని దాచుటకు ఏ అధికారమును లేదు. కాని ఆమెకు ఆ విభాగము తెలియదు, తెలిసినను బీరువా తాళము ఆమె చేతిలో లేదు. మూడేండ్లు జీతము సగమే యిచ్చిరి. 2018లో కువైట్ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఆమె భారత రాయబార కార్యాలయమునకు చేరి, అత్యవసర ధ్రువపత్రముపై తిరిగి వచ్చినది. మనవారు దానిని ఔట్‌పాస్ అందురు. ఒక్కసారి, ఒకే దిక్కునకు, స్వదేశమునకు మాత్రమే పనికివచ్చు కాగితము. ఆమె ఇప్పటికిని దానిని భద్రముగా దాచుకొన్నది. ఎందులకని అడిగితిమి. "ఆ మూడేండ్లలో నా పేరుతో ఎవరైనా ఇచ్చిన కాగితము అదొక్కటే" అన్నది.

ఏజెంటు వెళ్ళిన పిదప చెల్లెలు గదిలో నుండి వచ్చి ఒకే మాట అన్నది: "భయ్యా, నేను ఆసుపత్రికి పోవుచున్నాను, దాగుకొనుటకు కాదు. నా పేరు దిద్దించండి."

దిద్దించుట ఆరంభించినాము. ముందు ఏది దిద్దవలెనన్నదే మొదటి ప్రశ్న. అన్నింటికిని మూలము 10వ తరగతి పత్రము. దానిని దిద్దవలెనన్నచో బడి ప్రవేశ పుస్తకము ఆధారము. చెల్లెలు 1వ తరగతి చేరినది ఒక ఉర్దూ మాధ్యమ బడిలో. అచటి పాత ప్రవేశ పుస్తకమును ప్రధానోపాధ్యాయులు చెక్కపెట్టెలో నుండి తీయించినారు. చెదలు అంచులను తినియున్నది గాని నడుమ భాగము చక్కగా నున్నది. అందు మా చెల్లెలి పేరు నల్లసిరాతో ఉర్దూలో వ్రాయబడియున్నది: షీన్, యే, ఖే. ఒక్క అక్షరము తప్పు లేదు. ఇన్ని కార్యాలయములు, ఇన్ని యంత్రములు తలకొక రీతిగా వ్రాసిన ఇంటిపేరును సరిగా వ్రాసినది ఇరువది ఏండ్ల క్రిందట ఒక ఉపాధ్యాయుని కలము. ఆయన ఇప్పుడు లేరు.

ఆ పుట నకలును తీసికొని పోగా, పై కార్యాలయములో గుమాస్తా దానిని తలక్రిందులుగా పట్టుకొని చూచి, "ఇది నాకు రాదు, తర్జుమా కావలెను" అన్నాడు. కోపగించుకొనుటకు కారణము లేదు. ఆయనకు రానిది రాదన్నాడు. ఈ కళాశాల ఉర్దూ శాఖలోని మా గురువుగారి యొద్దకు వచ్చినాము. ఆయన కూర్చుండి, ఒక ప్రక్క ఉర్దూ పాఠము, ఎదుట తెలుగు, ఇంగ్లీషు తర్జుమాలు వ్రాసి సంతకము చేసినారు. చేయుచు నవ్వుచు, "ఎం.ఏ.లో గజళ్ళు చదివితిని, దరఖాస్తులకు పనికివచ్చుచున్నది" అన్నారు. రెండు భాషలు తెలిసినవాని విలువ ఆనాడు మాకు తెలిసినట్లు పరీక్షలలో ఎన్నడును తెలియలేదు.

నమోదు పత్రమును దిద్దించుట అంతకంటె ఆలస్యమైనది. ఆ కార్యాలయము పేరు చెప్పము. నోటరీ యెదుట చేసిన ప్రమాణపత్రము, పాస్‌పోర్టు, డిగ్రీ నకళ్ళు ఇచ్చినాము. మొదటిసారి రుసుము చలానా నకలు చాలదన్నారు. రెండవసారి అధికారి సెలవులో నున్నారన్నారు. మూడవసారి పని అయినది. మూడు ప్రయాణములకు నడుమ రియాద్ ఆసుపత్రి వారి 90 దినములు గడచిపోయినవి. గడువు పొడిగింపుమని చెల్లెలు వ్రాసినది. ఆ స్థానము మరియొకరి కిచ్చినట్లు మర్యాదగా జవాబు వచ్చినది. ఆ రాత్రి ఇంట ఎవరును ఎక్కువగా మాటలాడలేదు. అబ్బా మాత్రము మూలనున్న మిషను మీది గుడ్డ తీసి, నూనె పోసి, చక్రము త్రిప్పి చూచినారు. చూపు ఆనకున్నను సూదిలో దారము ఎక్కించుటకు ప్రయత్నించినారు. చెల్లెలు పోయి ఆయన చేతిలోని సూది తీసికొన్నది.

తక్కినది త్వరగా చెప్పవచ్చును. పత్రములు మూడును ఒకే పేరున వచ్చిన పిదప డేటాఫ్లో పరిశీలన ఆటంకము లేక ముగిసినది. ప్రోమెట్రిక్ పరీక్షలో చెల్లెలు మొదటిసారియే ఉత్తీర్ణురాలైనది. 2024లో అభా నగరమున మరియొక ఆసుపత్రి ఆమెను ఎంపిక చేసినది. అభా సౌదీకి దక్షిణమున కొండలపై నున్న ఊరు, ఎండ తక్కువ. డిగ్రీపై ముందు రాష్ట్ర ప్రభుత్వ శాఖ ధ్రువీకరణ, దానిపై విదేశాంగ శాఖ వారి అపోస్టిల్. ఇది 1961 నాటి హేగ్ ఒడంబడిక ప్రకారము అంటించు చీటీ. భారతదేశమునకు ఆ ఒడంబడిక 2005 జూలై 14 నుండి అమలులో నున్నది. సౌదీకి 2022 డిసెంబరు 7 నుండి. అంతకు పూర్వము సౌదీ రాయబార కార్యాలయపు ముద్ర గూడ కావలసి యుండెడిది. విదేశాంగ శాఖ రుసుము పత్రమునకు 50 రూపాయలు మాత్రమే. నడుమ నున్నవారు దానికి వేలు అడుగుదురు. విద్యార్థులు ఈ సంఖ్యను గుర్తుంచుకొనవలెను.

వైద్యపరీక్ష గల్ఫ్ దేశములు గుర్తించిన కేంద్రములలోనే జరుగవలెను. దానిని మనవారు ఇప్పటికిని గంకా అనియే పిలుతురు, పేరు వాఫిద్ అని మారినను. రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే తీయుదురు. ఎన్నడో క్షయ సోకి నయమైన మచ్చ కనబడినను అనర్హులని వ్రాయుట గలదు. మాతో వరుసలో నిలిచిన ఒక యువకునికి అట్లే జరిగినది. అతడు ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని, మా చెల్లెలికి శుభము పలికి పోయినాడు. అతని ముఖము మేము మరువలేము.

నర్సుల విషయమున ఇంకొక నిబంధన గలదు. కువైట్‌కు నర్సులను పంపు పేరిట కేరళలో లక్షల రూపాయలు వసూలు చేసిన వ్యవహారము 2015లో బయటపడినది. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వము, వలస తనిఖీ అవసరము లేని పాస్‌పోర్టు గల నర్సులకు గూడ ఆ 18 దేశములకు పోవుటకు అనుమతి తప్పనిసరి చేసి, నియామకములను ప్రభుత్వ సంస్థల ద్వారా జరుపవలెనన్నది. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ అట్టివి. సామాన్యముగా లైసెన్సు గల ఏజెంటు ఎవరైనను వలసపోవు వాని యొద్ద తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. టీ త్రాగిపోయిన పెద్దమనిషి రెండున్నర లక్షలతో దీనిని పోల్చుకొనుడు. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా గూడ చేయించినాము. రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదము జరిగినచో 10 లక్షలు. మా అమ్మ ఆ బీమా కాగితమును ఇంటిలో ఉంచుటకు ఒప్పుకొనలేదు, అపశకునమన్నది. పెద్దన్న దానిని తన కార్యాలయము బల్ల సొరుగులో పెట్టుకొన్నాడు.

వీసా చీటీ పాస్‌పోర్టుపై అంటించుట 2023 నుండి మానినందున, క్యూ.ఆర్. గుర్తు గల కాగితము వచ్చినది. శంషాబాదు విమానాశ్రయమున అద్దముల ఆవలి వరకే మేము పోగలిగితిమి. ఇమ్మిగ్రేషన్ అధికారి వీసా, వలస అనుమతి చూచి, ఏ ఆసుపత్రి యని ఒక్క ప్రశ్న వేసి ముద్ర కొట్టినాడని ఆమె ఫోనులో చెప్పినది. పది నెలల పనికి పది నిమిషములు గూడ పట్టలేదట!

రెండు నెలల పిదప ఆమె తన నివాసపు కార్డు ఫోటో పంపినది. అచటివారు దానిని ఇఖామా అందురు. అందు పేరు ఇంగ్లీషులోను, అరబ్బీలోను గలదు. ఇంగ్లీషులో ఎస్, హెచ్, ఎ, ఐ, కె అని సరిగా నున్నది. ఆ ఇంగ్లీషును చూచి అరబ్బీలో వ్రాసినవారు మాత్రము చివర ఖే వ్రాయుటకు మారుగా కాఫ్ వ్రాసినారు. అరబ్బీలో అట్లు వ్రాసినచో దానికి బ్యాంకు చెక్కు అని అర్థము. ఉర్దూ చదువ వచ్చిన మా అమ్మ ఫోనును కండ్ల దగ్గరకు పెట్టుకొని అక్షరము అక్షరము కూడబలుకుకొని, దీనిని గూడ దిద్దించవలెనా యని అడిగినది. చెల్లెలు అవతల నవ్వుచు, "వద్దమ్మీ, మొదటి జీతము పంపితిని, ఇంటి పత్రములు విడిపించుటకు ఇంక ఎంత కావలెనో అబ్బాను అడుగు" అన్నది.